బురద పందెమూ నా నోరూ

20 నవంబర్ 2025, గురువారం

తహసీన్ నాతో ఒట్టు పెట్టించుకుంది. నా చెయ్యి పట్టుకుని దాని నెత్తిన పెట్టించి మరీ. నా నెత్తి మీదయితే నేను లెక్క చేయనని దానికి తెలుసు. ఇప్పుడు నోరు జారితే బిడ్డకు ఏమన్నా అయితాదని అదొక భయం.

సంగతి ఏందంటే, వచ్చే నెల 14న జమ్మలమడుగు దగ్గర బురదలో పరుగు పందెం పెడతాండారంట. హైదరాబాద్ నుంచి ఎవురో వచ్చి పెడతాండారు. ఉట్టి పరుగు కాదు. బురదలో పాకాల, వల కింద దూరాల, నీళ్ల గుంతలో దిగాల, గోడ ఎక్కి అవతలికి దూకాల. ఫోన్లో చూపించింది. ఆడోళ్లు మగోళ్లు బర్రెల మాదిరి పొర్లతాండారు, పొర్లతా నవ్వతాండారు. ఎవురు తరిమినారే వీళ్లను అని అడిగినా. ఎవురూ తరమలా జేజీ, వాళ్లంతకు వాళ్లే పోతారు అనింది.

తహసీన్ నా మనవరాలు. ఇరవై రెండేండ్లు. నా కొడుకు హుమాయున్, కోడలు ఖదీజా కువైట్‌లో ఉండారు. ఈడ ప్రొద్దుటూర్లో నేనూ ఇదీ. రెండేండ్ల కింద స్కూటీ మీంచి పడి దీని కుడికాలు ఇరిగింది. లోపల రాడ్ ఏసినారు. ఇప్పుడు బాగానే నడుస్తాది. వానొచ్చే ముందర మాత్రం రవ్వంత కుంటుతాది. అది చూసి నేను మిద్దె మీద బట్టలు తీసుకొస్తా.

దానికి తిరుపతిలో ఒక ఆస్పత్రిలో ల్యాబ్ టెక్నీషియన్ జాబ్ వచ్చింది. జనవరి 5న చేరాల, హాస్టల్లో ఉండాల. హుమాయున్ ససేమిరా అన్నాడు. రాడ్ కాలేసుకుని ఒంటిగా యాడుంటావు, పడితే లేపేదానికి ఎవురుండారు అన్నాడు. ఇది రెండు దినాలు అన్నం తినలా. మూడో దినం తినింది. తింటా తింటా చెప్పింది: ఈ పందెం పూర్తి చేస్తా, ఆ వీడియో నాయనకు పంపిస్తా, అప్పుడు నా కాలికి ఏం పేరు పెడతాడో చూస్తా అని. అంతవరకు నాయనకు తెలీకూడదు. తెలిస్తే పందేనికీ పోనీడు, జాబ్‌కూ పోనీడు. ఆస్పత్రోళ్లకు వచ్చే నెల 20వ తేదీ లోపల ఏదో ఒక మాట చెప్పాల.

నా నోట్లో మాట నిలవదని దానికి తెలుసు. మెడికల్ షాపోళ్లు ఇచ్చిన డైరీ ఒకటి తెచ్చి, చెప్పాలని నోరు పీకితే దీంట్లో రాసుకో జేజీ అనింది. నాలుగో తరగతి దాకా చదివినా. అక్షరాలు మర్చిపోలా.

రాసినా. కడుపులో భారం ఏమీ తగ్గలా.

21 నవంబర్, శుక్రవారం

హుమాయున్ వీడియో కాల్ చేసినాడు. నోరు తెరిస్తే అదే బయటికొస్తాదని గమ్మున కూర్చున్నా. ఏంమా మాట్లాడవు అన్నాడు. పన్ను నొప్పి అన్నా.

22 నవంబర్, శనివారం

పన్ను నొప్పి అన్నందుకు ఖదీజా అక్కడ నుంచి మా పక్కింటి ఖాతూన్‌బీకి ఫోన్ చేసిందంట. పొద్దున్నే ఆయమ్మ వచ్చి నన్ను ఆటోలో ఎక్కించి పండ్ల డాక్టర్ దగ్గరికి తీసకపోయింది. నొప్పి లేదంటే మరి ఎందుకట్ల చెప్పినావు అని అడుగుతారు. ఉందన్నా. యాడ అన్నాడు డాక్టరు. ఏదో ఒకటి చూపించినా. ఆయన టార్చి ఏసి చూసి, ఇది శానా దినాల కిందనే పుచ్చిపోయిండాది, ఇన్నాళ్లు ఎట్ల ఓర్చుకున్నావమ్మా అని పీకేసినాడు.

ఒక మాట దాచేదానికి ఒక పన్ను పోయింది. ఇంగా మూడు వారాలు ఉండాది. నా నోట్లో అన్ని పండ్లు లేవు.

25 నవంబర్, మంగళవారం

టీం అంటే ముగ్గురు ఉండాలంట. ముగ్గురూ కలిసి పోయి కలిసే చేరాల. ఒకరు ఆగిపోతే ముగ్గురూ పోయినట్టే. తహసీన్‌తో కలిసి చదివిన భార్గవి ఒకటి. పులివెందుల పిల్ల, ఈడ ల్యాబ్‌లో పని చేస్తా రూములో ఉంటాది. ఇంగోటి ఎవురని అడిగితే తహసీన్ ముందు వాకిలి మూసొచ్చింది. తర్వాత చెప్పింది. ఖాతూన్‌బీ కోడలు మెహతాబ్.

ఖాతూన్‌బీకి ఒక సంగతి తెలిస్తే మా వీధికి మైకు అక్కర్లా. మెహతాబ్ వాళ్ల అత్తతో, షుగర్ రాకుండా వాకింగ్‌కు పోతాండా అని చెప్పిందంట. ఆయమ్మ సంబరపడి నేనూ వస్తా పద అనిందంట. నువ్వొస్తే మామకు టీ ఎవురు పెడతారత్తా అని ఆపిందంట.

పొద్దున్నే ముగ్గురూ బైపాస్ రోడ్డు మీద పరిగెత్తతాండారు. ఇంట్లో నాకు కాలు నిలవలా. రిజ్వాన్ ఆటో పిలిపించుకుని వాళ్ల ఎనకాలే పోయినా. నీళ్ల బాటిలు, గ్లూకోజు పొట్లం, కట్టు గుడ్డ పెట్టుకున్నా. నెమ్మదిగా పోనీ అంటే రిజ్వాన్, ఏం పెద్దమ్మా, వాళ్లు ఇల్లొదిలి పోతాండారా, మనం పట్టుకోవాల్నా సాగనంపాల్నా, ముందు అది చెప్పు అన్నాడు.

తహసీన్ తిరిగి చూసింది. నన్ను చూసి నిలబడి రెండు చేతులూ ఎత్తి దండం పెట్టింది. అది గౌరవం దండం కాదు.

30 నవంబర్, ఆదివారం

భార్గవి వాళ్ల నాయన ఆదినారాయణప్ప రమ్మంటే అందరమూ పోయినాము. పులివెందుల దాటినాక వేముల దోవలో అరటితోట. బండలాగుడు పోటీలకు పోయే ఎద్దుల జత ఉండాది ఆయనకు. ఇంట్లో దేవుడి పటాల పక్కన ఎద్దుల ఫోటోలు. భార్గవి ఫోటో మాత్రం ఎనకాల గదిలో ఉంది.

వీళ్లకు ట్రైనింగ్ ఆయనే ఇచ్చినాడు. అరటితోటలో డ్రిప్పు పైపుల కింద పాకమన్నాడు. నడుముకు తాడు కట్టి ట్రాక్టర్ టైరు లాగమన్నాడు. మెహతాబ్ లాగతాంటే ఎనక నిలబడి ఎద్దుల్ని అదిలించినట్టు అదిలించినాడు. ఆ అరుపుకు మెహతాబ్ నవ్వి నవ్వి టైరు మీదనే కూలబడింది. మధ్యాన్నం ముగ్గురికీ ఉడకబెట్టిన ఉలవలు పెట్టినాడు. ఎద్దులకు ఉడకేసిందాంట్లోంచి తీసినావా అప్పా అని అడిగినా. ఛ, అంత మర్యాద తెలీదా పెద్దమ్మా, ముందు వీళ్లకు తీసినాకనే ఎద్దులకు పెట్టినా అన్నాడు.

ఆయనే ఇంగో మాట అన్నాడు. పందెం పెట్టే చేను నల్లరేగడి. మన సీమలో బురద ఊరికే యాడిది, ట్యాంకర్లతో నీళ్లు తోలి చేస్తారు. హైదరాబాదోళ్లకు రేగడి సంగతి తెలీదు. తడిసిన రేగడి కాలు పట్టుకునిందంటే చెప్పు దానికిచ్చేసి మనం బయటపడాల్సిందే అన్నాడు. ఆయన నవ్వతా చెప్పినాడు. ఇంటికొచ్చే దోవంతా నాకు అదే. చెప్పు ఇడిసిపెట్టి రావచ్చు. రాడ్ ఉండే కాలు ఇరుక్కుంటే ఇడిసిపెట్టి వస్తామా.

2 డిసెంబర్, మంగళవారం

BP మాత్ర ఏసుకున్నానా లేదా అని గుర్తు లేక ఇంగోటి ఏసుకున్నా. అయ్యో రెండు ఏసుకున్నానే అని భయంతో BP పెరిగింది. సరికి సరి అయినట్టుంది.

5 డిసెంబర్, శుక్రవారం

పొద్దున జొన్నరొట్టె కాలుస్తాంటే ఒకటి తోచింది.

మా ఆయన ఉన్నన్నాళ్లు పరుపులు కుట్టినాము. మేం దూదేకులోళ్లం. దూది ఏకేది ఆయన, కుట్టేది నేను. మా వీధిలో యా ఇంట్లో పెండ్లి అయినా పరుపు మాదే. ఇప్పుడు అందరికీ ఫోమ్ కావాల. అయినా అటక మీద అర బస్తా మంచి దూది ఉండాది, నా చేతిలో పనీ ఉండాది. దిగులు పడతా కూర్చునే బదులు బిడ్డ మోకాళ్లకు చిన్న పరుపులు కుట్టొచ్చు గదా అనుకున్నా. మోకాళ్లకు, మోచేతులకు, నడుముకు. రాడ్ ఉండే కాలికి పిక్క నుంచి తొడ దాకా.

నీళ్ల గుంత ఉండాదని నాకు గుర్తుండాది. తడిసిన పరుపు ఏమైతాదో నాకంటే ఎవురికి తెలుసు. అందుకే పైన రెక్సిన్ ఏస్తా. స్కూటర్ సీట్లకు ఏసేది. దాంట్లోకి చుక్క దిగదు.

శానా దినాల తర్వాత ఈరోజు కడుపు నిండా తిన్నా.

7 డిసెంబర్, ఆదివారం

కుడతాండా. ముగ్గురికీ కుడతాండా. ఒకరికి కుట్టి ఇద్దరిని వదిలేస్తే బాగుండదు. రెక్సిన్ మందం, మామూలు సూది దిగదు. గోనెసంచులు కుట్టే దబ్బనంతో గుచ్చి లాగతాండా. కట్టేదానికి పురికొసలు పెట్టినా. పరిగెత్తేటప్పుడు ఊడి రాకూడదని పరుపుకు ఏసే ముడే ఏస్తా. అది లాగేకొద్దీ బిగుస్తాది. ఇప్పేదానికి రాదు, కోయాల్సిందే. పందెం అయినాక నేనే బ్లేడుతో కోస్తా.

హుమాయున్ కాల్ చేసి దబ్బనం చూసి ఏం కుడతాండావు అన్నాడు. దిండ్లు అన్నా. అన్ని దిండ్లు ఎందుకు అన్నాడు. తలకాయలు ఎక్కువ గదా మన చుట్టాల్లో అన్నా. అబద్ధాలు అలవాటైపోతాండాయి. అదొక దిగులు.

9 డిసెంబర్, మంగళవారం

ముగ్గురికీ కట్టి చూసినా. మెహతాబ్‌ను అరుగు మీంచి దూకమంటే దూకింది, అట్లే పడింది, దెబ్బ తగలలా. ఇంగోసారి దూకుతా అని మళ్లా ఎక్కింది. భార్గవి అద్దంలో చూసుకుని, అవ్వా, ఇది ఏసుకుని పోతే పందెంలో గెలవకపోయినా పెండ్లిలో పరుచుకోవచ్చు అనింది. తహసీన్ మాత్రం బరువుగా ఉండాది జేజీ, నాకొద్దు అనింది. నా మొగం చూసి, సరేలే ఏసుకుంటా అనింది.

11 డిసెంబర్, గురువారం

హుమాయున్ నాతో ఒంటిగా మాట్లాడాలన్నాడు. ఆస్పత్రోళ్లకు రానని చెప్పేయమని నువ్వే దానికి నచ్చజెప్పుమా, నీ మాట వింటాది అన్నాడు.

ఫోన్ పెట్టినాక ఇల్లంతా చూసినా. దాని చున్నీ కుర్చీ మీద, దాని దువ్వెన కిటికీలో. పందెం పూర్తి చేస్తే ఇది పోతాది. చేయకపోతే ఉంటాది. ఇన్ని దినాలు కాలు కాలు అని ఏడ్చినా గానీ ఈ లెక్క ఏసుకోలా. నమాజ్‌లో దువాకు చేతులెత్తి ఏమడగాల్నో తెలీక శానాసేపు అట్లే ఉన్నా. వాన పడకుండా చూడు అని అడిగి లేచినా. వాన గురించి ఎవురూ ఏమీ అనుకోరు.

13 డిసెంబర్, శనివారం

ఖాతూన్‌బీకి తెలిసిపోయింది. మెహతాబ్ కొత్త బూట్లు బియ్యం డబ్బాలో దాచిపెట్టింది. బియ్యం డబ్బాలో దాస్తారా ఎవురైనా. నేనేం చెప్పలా, నా పన్ను సాక్షి.

ఇప్పుడు రభస చేస్తాది, హుమాయున్‌కు ఫోన్ కొడతాది అని వణికినా. ఆయమ్మ సక్కగా వచ్చి నా మంచం మీద కూర్చుని, నాకు చెప్పకుండా ఇన్ని దినాలు ఎట్ల ఉండగలిగినావు దిల్షాదూ, నీకు మనసెట్ల ఒప్పింది అనింది. కండ్లలో నీళ్లు. తర్వాత, రేపు బండిలో నాకు ముందర సీటు కావాల అనింది.

14 డిసెంబర్, ఆదివారం, పొద్దున 5 గంటలు

నిన్న రాత్రే దర్గాలో చక్కెర పెట్టి ఫాతిహా చదివించినా. రెండు మాత్రలు సంచిలో పెట్టుకున్నా. బ్లేడు పెట్టుకున్నా. ఆదినారాయణప్ప బొలెరో వచ్చింది.

14 డిసెంబర్, సాయంత్రం

గోళ్లలో రేగడి ఇంగా పోలా. అయినా రాయాల.

చేను నిండా జనం. రంగు రంగుల బూట్లు, పాటలు, మైకు. ట్యాంకర్లు ఇంగా నీళ్లు పోస్తానే ఉండాయి. మా వీధికి మూడు దినాలకు ఒకసారి కొళాయి వస్తాది, ఈడ బురద చేసేదానికి ఇన్ని నీళ్లు. ఆదినారాయణప్ప మట్టి చేతిలోకి తీసుకుని పిసికి చూసి, అయిపోయినారు వీళ్లు అన్నాడు. చూసేవాళ్లు తాడు అవతలే ఉండాలంట. పన్నెండు గంటలకు ఆఖరి గేటు మూసేస్తారంట. అప్పటికి ముగ్గురూ దాటకపోతే పూర్తి చేసినట్టు కాదు.

ముగ్గురికీ నా చేత్తో కట్టినా. తహసీన్ కాలికి రెండు ముడులు ఎక్కువే ఏసినా.

మొదట బాగానే ఉంది. టైర్లు దూకినారు. వల కింద పాకినారు. హైదరాబాద్ పిల్లోళ్ల మోచేతులు గీరుకుపోయి రక్తాలు కారతాంటే మావాళ్లకు ఒక్క గీత లేదు. చూసినావా దూదేకులోళ్ల పని అని ఖాతూన్‌బీతో అన్నా. రేగడి అప్పటికే సగంమంది బూట్లు పట్టుకునింది. ఒకాయన ఒంటి బూటుతో నిలబడి రెండోది యాడుందో వెతుకుతాండాడు, ఆదినారాయణప్ప తాడు ఇవతల నుంచి, అది ఇంగ వచ్చే ఏడు శనగ పంటతో పాటు వస్తాదిలే అప్పా అన్నాడు.

తర్వాత నీళ్ల గుంత. రొమ్ముల దాకా నీళ్లు. ముగ్గురు పిల్లలు దిగినారు. మూడు తడిసిన పరుపులు బయటికొచ్చినాయి.

రెక్సిన్‌లోకి చుక్క దిగదు, నిజమే. కానీ నేనేసిన ప్రతి కుట్టుకూ దబ్బనం బెజ్జం ఉండాది. ఆ బెజ్జాల్లో నీళ్లు దూరినాయి. దూరిన నీళ్లు పోయేదానికి దోవ లేదు, రెక్సిన్ ఆపింది. మోకాళ్లు గుమ్మడికాయలు అయినాయి. మెహతాబ్ నడుము చుట్టూ నీళ్ల బిందె కట్టుకున్నట్టుంది. ఎదురుగా పలకల గోడ, తాళ్లు ఏలాడతాండాయి. తహసీన్ తాడు పట్టి ఎక్కబోయింది. రాడ్ కాలు లేవలా. మళ్లా ఎక్కబోయింది. జారి కింద కూర్చుండిపోయింది. భార్గవి ముడి ఇప్పబోతే పురికొస తడిసి ఇంగా బిగిసింది. మెహతాబ్ నవ్వతాందో ఏడుస్తాందో తెలీలా.

ఆ ముడి ఎట్ల పోతాదో ఈ లోకంలో నాకొక్కదానికే తెలుసు.

తాడు కింద దూరినా. ఖాతూన్‌బీ నా కొంగు పట్టుకునింది, కొంగు ఇడిపించుకుని పోయినా. మూడు అడుగులకు రెండు చెప్పులూ పోయినాయి. సీటీ ఊదే ఆయన ఒకడు, ఆంటీ లోపలికి రాకూడదు, ఆంటీ రూల్ ఒప్పుకోదు అని నా ఎనక పరిగెత్తుకొచ్చినాడు. ఆయన కూడా దిగబడినాడు. నేను పాకినా. అరవై ఎనిమిదేండ్ల దాన్ని, చీరతో, నల్లరేగడిలో పాకినా. పోయి బ్లేడుతో ముడులన్నీ కోసినా. నీళ్లు బుడబుడ కారినాయి. తహసీన్ కాలి పరుపు కోసేటప్పుడు తొందరపడితే, అదే నా చెయ్యి పట్టుకుని, నింపాదిగా కోయి జేజీ, రాడ్ కోసేవు అనింది.

ముగ్గురూ లేచినారు. నేను లేవలా. మోకాళ్ల పైదాకా దిగబడినా. తహసీన్ ఒక చెయ్యి, భార్గవి ఒక చెయ్యి పట్టి లాగినారు. రేగడి నన్ను ఇడవలా. మైకులో టైమ్ అయిపోతాందని చెప్తాండారు.

ఆడ నాకు ఒకటి తెలిసింది. నేనేం చేయనక్కర్లా. అమ్మా అంటే చాలు. కండ్లు మూసుకుంటే చాలు. బిడ్డ నన్ను ఇడిసిపెట్టి కదలదు. పందెం పోతాది, తిరుపతి పోతాది, ఇది ఇంట్లో ఉంటాది. ఎవురూ నన్ను ఏమీ అనరు.

నాకు ఈడ శానా సుఖంగా ఉండాది, సల్లగా ఉండాది, మీరు పోండి అన్నా. తహసీన్ కదల్లా. పోతావా లేదా, పోకపోతే ఈడనుంచే మీ నాయనకు ఫోన్ చేస్తా అన్నా.

పోయింది. తాడు పట్టుకుని కాలు గోడకు తన్ని ఎక్కింది. పైన కూర్చుని మెహతాబ్‌కు చెయ్యిచ్చింది. కింద నుంచి భార్గవి తోసింది. ముగ్గురూ గోడ అవతలికి పోయినారు. తర్వాత నాకు ఏమీ కనపల్లా. పలకలే. దూకిందా, పడిందా, కాలు ఏమైంది, ఏమీ తెలీదు. ఒక అరుపు వినపడితే అది దీనిదేనేమో అనిపిస్తాది. నవ్వు వినపడితే దీనిది కాదేమో అనిపిస్తాది.

పక్కన సీటీ ఆయన కూడా నడుము దాకా దిగబడి ఉండాడు. నాకు భయంగా ఉందండీ అన్నాడు. నాకేం భయం లేదు నాయనా అన్నా. వాళ్లమ్మకు కూడా BP అంట. నా సంచిలో మాత్ర ఒకటి ఇచ్చినా. నాకు BP లేదండీ అన్నాడు. ఉంచుకో, వస్తాది అన్నా.

ఆదినారాయణప్ప యాడనుంచో ట్రాక్టర్ తెచ్చి, ఎద్దుల మోకు నా చంకల కింద కట్టి, బండలాగుడులో అరిచినట్టు అరిచినాడు. జనమంతా ఆయనతో కలిసి అరిచినారు. ఫోన్లు ఎత్తని చెయ్యి లేదు. నేను తబుక్కుమని బయటికొచ్చినా.

అప్పుడు గోడ చుట్టూ తిరిగి మూడు నల్లటి బొమ్మలు వచ్చినాయి. ఏది ఎవురో తెలీలా. ఒకటి జేజీ అనింది. రెండు కాళ్ల మీద నిలబడి ఉంది. మెడలో మెడల్ ఉంది. ఎన్నో వచ్చినారు అని అడిగినా. ఆఖరు జేజీ, మా ఎనక ఎవురూ లేరు, నువ్వు తప్ప అనింది.

15 డిసెంబర్, సోమవారం

ఒళ్లంతా పచ్చిపుండు. ఖాతూన్‌బీ వచ్చి నూనె రాసింది. రాస్తా రాస్తా, నిజం చెప్పు దిల్షాదూ, పిల్ల ఊరొదిలి పోకుండా బరువు కట్టినావు గదా అనింది. నవ్వతానే అనింది. నేను అల్లా తోడు కాదన్నా.

కాదు. కానీ కుట్టేటప్పుడు చేతుల మనసులో ఏముందో నాకెట్ల తెలుస్తాది.

16 డిసెంబర్, మంగళవారం

తహసీన్ పందెమోళ్లు తీసిన తన వీడియో ఎడిట్ చేసి, పాట పెట్టి, నాయనకు పంపబోయేసరికి హుమాయున్ కాల్ వచ్చింది. కువైట్‌లో వాళ్ల పనికాడ అందరూ నిన్నటి నుంచి ఒక వీడియో చూసి నవ్వతాండారంట. వీడు కూడా నవ్వినాడంట. ఎవురో ముసలమ్మను ట్రాక్టర్‌కు కట్టి బురదలోంచి పీకతాండారు. మూడోసారి చూసేటప్పుడు చీర గుర్తుపట్టినాడంట. పోయిన రంజాన్‌కు వాడు పంపిన చీరే అది.

తహసీన్ తన వీడియో కూడా చూపించింది. గోడ ఎక్కేది, దూకేది, అన్నీ. వాడు అది సగం చూసినాడు. కాలు గురించి ఒక్క మాట అనలా. నా గురించే. ఆమెకు బుద్ధి ఉందా, ఈ వయసులో గుండె ఆగితే ఎవురు దిక్కు, ఇంగ ఆమెను ఒంటిగా ఇడిసేదానికి లేదు. తహసీనూ, నువ్వు జాబ్‌కు పోవద్దు, జేజిని చూసుకో అన్నాడు.

తహసీన్ ఫోన్ నా చేతికిచ్చి లోపలికి పోయింది.

17 డిసెంబర్, బుధవారం

తహసీన్ అన్నం తినలా. నేనూ తినలా. నా వల్ల పూర్తి చేసింది, నా వల్లనే ఆగిపోయింది.

హుమాయున్ ఇరవై సార్లు ఫోన్ చేసినాడు. మెట్లు దిగొద్దంట. మిద్దె ఎక్కొద్దంట. స్టవ్ దగ్గర ఎక్కువసేపు నిలబడొద్దంట. స్నానానికి పోయేటప్పుడు గడియ పెట్టుకోవద్దంట. నాకు ఒళ్లు మండింది. నాకేమైందని. ఒకసారి బురదలో దిగబడితే మనిషి ఇంగ దేనికీ పనికిరాదా.

ఈ మాట రాసినాక చదువుకున్నా. రెండేండ్లుగా తహసీన్ ఇదే మాట నాతో అంటాంది. బురద బదులు స్కూటీ, అంతే తేడా.

19 డిసెంబర్, శుక్రవారం

రేపు ఆఖరు దినం. జుమ్మా నమాజ్ అయినాక నేనే హుమాయున్‌కు కాల్ చేసినా. నేనంతకు నేను చేసేది ఇదే మొదటిసారి. ఎవురికేమైంది అన్నాడు. ఎవురికీ ఏం కాలా, నువ్వు నోరు మూసుకుని విను అన్నా.

నీకు నా మీద దిగులు, నాకు దాని మీద దిగులు. దిగులని చెప్పి అందరమూ ఒకే ఇంట్లో కూర్చుంటే అది తగ్గుతాదా అన్నా. నువ్వు కువైట్ పోయే దినం నేను కడప స్టేషన్‌లో రైలు చువ్వలు పట్టుకుని ఏడ్చినా. ఆగినావా. ఆగలా. ఆగింటే ఏమై ఉందువు. నేను ఏడ్చినా బతికినా గదా. రేపు కూడా ఏడుస్తా. ఏడ్చేది నా పని, దానికి నువ్వు సెలవు పెట్టించొద్దు అన్నా. నేను నీకు అమ్మను, నువ్వు నాకు కాదు అన్నా.

వాడు ఏదో అనబోయినాడు. ఎర్ర గుండీ నేనే నొక్కినా. కట్ చేసేది నాకు రాదని ఇన్నాళ్లు అందరూ అనుకుంటాండారు.

తర్వాత భయమేసింది. కొడుకు అలిగినాడేమో, ఆడ ఏమన్నా చేసుకుంటాడేమో అని. పది నిమిషాలకు తహసీన్ ఫోన్ మోగింది. తిరుపతికి యా బస్సు మంచిది, పొద్దున బస్సా మధ్యాన్నం బస్సా అని అడుగుతాండాడంట.

27 డిసెంబర్, శనివారం

హుమాయున్ ఒక షరతు పెట్టినాడు. తహసీన్ పోయినాక ఖాతూన్‌బీ నా దగ్గర పండుకోవాలంట. ఎట్లుంటాదో చూద్దామని ఆయమ్మ అప్పుడే వచ్చి పండుకుంటాంది. గురక పెడతాది. పెట్టేటప్పుడు నిద్ర రాదు. ఆపితే ఊపిరి ఆడతాందా అని లేచి చూస్తాండా.

3 జనవరి 2026, శనివారం

ఇదే డైరీలో ఎనక ఖాళీ కాగితాల్లో రాస్తాండా. తహసీన్ బ్యాగు సర్దుకుంటాంది. నేను ఊరగాయ డబ్బా పెట్టినా, తీసేసింది. మళ్లా పెట్టినా. కట్టు గుడ్డ పెట్టినా, నవ్వి ఉంచుకునింది.

5 జనవరి, సోమవారం

తహసీన్ ఫోన్ చేసింది. చేరిందంట. హాస్టల్లో రూము నాలుగో అంతస్తంట, లిఫ్ట్ చెడిపోయిండాదంట.

సరే అన్నా.

పెట్టేసింది. రవ్వసేపటికి మళ్లా అదే చేసి, జేజీ, ఎన్ని మెట్లని అడగలేదే, నీకు ఒళ్లు బాగానే ఉండాది గదా అనింది.